ఇనుప డబ్బాకు పట్టిన చెమట

ఎవరింట్లోనైనా ఇనుప బీరువా తలుపు తీస్తే చాలు, నా చెయ్యి ముందు లోపలి పైరేకు మీదికి పోతుంది. అలవాటైపోయింది. మా ఆడబిడ్డ ఇంట్లో ఒకసారి ఇలాగే తడిమితే, "ఏందొదినె, పైన బంగారం దాసిన్ననుకున్నవా?" అని నవ్వింది. నవ్వడానికి ఆమెకు ఓపిక ఉంది. విడమరిచి చెప్పే ఓపిక నాకు లేక నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

ఈ రోజు ఆదివారం. స్టోరుకు వెళ్లేది లేదు. మోకాళ్లకు నూనె రాసుకుని గుమ్మంలో కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం చేతకాని దాన్ని కాబట్టి, ఆ రోజు ఆడబిడ్డకు చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను.

వరంగల్‌లో మా వాడ జంపఖానాలు నేసేవాళ్ల వాడ. పెళ్లిపందిట్లో పరిచేవి, బడిపిల్లలు కూర్చునేవి, ఇప్పుడు పెద్దపెద్ద ఇళ్లలో గోడకు తగిలించుకునేవి, అన్నీ ఇక్కడి మగ్గాల మీద దిగినవే. నేను నేతగాళ్ల సంఘంలో స్టోరు చూసుకుంటాను. ఇరవై ఏళ్లు దాటింది. నా పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. నేతగాడికి నూలు తూచి ఇస్తాను. అతను జంపఖానా నేసి తెస్తే మళ్లీ తూచి తీసుకుంటాను. ఇచ్చిన నూలుకూ వచ్చిన జంపఖానాకూ తూకం సరిపోవాలి. అంతే. ఈ అంతేలో నా నడుము, మోకాళ్లు, సగం వెంట్రుకలు పోయాయి.

తూకం దగ్గర ఒక పాత మోసం ఉంది. నూలులో కొంత పక్కన పెట్టేసుకుని, తక్కువైన బరువుకు బదులు జంపఖానా మీద నీళ్లు చల్లి, మడత పెట్టి తెస్తారు. తడికి బరువు పెరుగుతుంది, తూకం సరిపోతుంది. మా వాడలో దీన్ని నీళ్ల తూకం అంటారు. అందరూ చేస్తారని కాదు. నా ఇరవై ఏళ్లలో నలుగురిని పట్టుకుని ఉంటాను. కానీ ఆ మాట ఒకసారి ఎవరి మీదైనా పడిందంటే ఇంక వాడలో అతని మొహం చూసేవాళ్లు ఉండరు. దొంగ అన్నా ఇంత బాధ ఉండదు.

అందుకే జంపఖానా చేతికి రాగానే తూకం కన్నా ముందు తడి చూడాలి. చేత్తో చూస్తే తెలియదు. నూలు ఉండలు మోసీ మోసీ నా అరచేతులు కాయలు కాచాయి. చెంపకు ఆనించి చూడాలి. మడత విప్పి, నడిమి పొరను చెంపకు పెట్టుకుంటే కొంచెం తడి ఉన్నా చల్లగా తగులుతుంది. ఇది నాకు నేర్పింది మా నాన్నే, మా బాపు. "సేతులు అబద్ధమాడుతయి బిడ్డా, చెంప ఆడది" అన్నాడు, నేను ఉద్యోగంలో చేరిన రోజు. బాపు అప్పటికే వాడలో పేరున్న నేతగాడు. డెబ్బై దాటాక కూడా ఆయన మగ్గం ఆగలేదు. అంచు కొలబద్దతో గీసినట్టుండేది. ఆయన నేసినవి ఎప్పుడూ విడిగా పెట్టేదాన్ని, మంచి బేరానికి వెళ్తాయని.

మా పాత గోదాము పెంకుటిల్లు. రెండు వానాకాలాలు వరసగా వాడలోకి నడుముల్లోతు నీళ్లొచ్చాయి. గోదాములో అడుగు వరసలు నానిపోయి, ఎండబెట్టలేక తల ప్రాణం తోకకొచ్చింది. ఆ నీళ్లు తోడిన చేతులతోనే అధ్యక్షుడికి దరఖాస్తు రాశాను. అధ్యక్షుడు నాకంటే పదేళ్లు చిన్నవాడు, మాటకారి. ఎక్కడెక్కడో తిరిగి, ఓడల మీద సరుకు మోసే పాత ఇనుప కంటైనర్ ఒకటి బేరం చేసుకుని వచ్చాడు. క్రేన్‌తో దాన్ని సంఘం వాకిట్లోకి దింపుతుంటే వాడంతా పనులు ఆపి చూసింది. వాన నీళ్లు తాకకుండా నాలుగు మూలలా దిమ్మెలు కట్టి వాటి మీద పెట్టారు. నీలం రంగు వెలిసిపోయి, అక్కడక్కడ సొట్టలు పడి ఉంది. పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కట్టి, కొబ్బరికాయ కొట్టాం. ఆ రోజు నుంచి దాని పేరు డబ్బా.

డబ్బా వచ్చిన సంతోషంలో నేను ఒక పని చేశాను. లోపల ఊడుస్తుంటే పైన, రేకుకు కొంచెం కింద, రెండు వైపులా అరచెయ్యంత పెట్టెలు కనబడ్డాయి. వాటికి చిన్నచిన్న సందులు. వాన కొడితే నీళ్లు వచ్చేది ఇక్కడి నుంచే, ఎలకలు దూరేది ఇక్కడి నుంచే అనుకున్నాను. రెండు వానల దెబ్బ తిన్నదాన్ని, చిన్న సందు కనిపించినా ప్రాణం ఉలిక్కిపడేది. స్టూలు వేసుకుని, లప్పం కలుపుకుని, ఒక్కో సందూ బొటనవేలితో అదిమి అదిమి మూసేశాను. బయటి నుంచి కూడా మూసి, పైన నీలం రంగు పూశాను. తలుపుల రబ్బరు పాతదైందని కొత్తది వేయించాను. అన్నీ అయ్యాక అధ్యక్షుణ్ణి పిలిచి, లోపల నిలబెట్టి తలుపు మూశాను. చీకటి. సూదిమొనంత వెలుతురు కూడా లేదు.

"అబ్బ, అక్కా! చీమ గూడ దూరది" అన్నాడు బయటికొచ్చి.

నేను పొంగిపోయాను. ఆ పొంగు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్లు మండుతుంది.

వానాకాలం అలా గడిచింది. వాడలోకి నీళ్లొచ్చాయి, వెళ్లిపోయాయి. డబ్బాలోకి చుక్క రాలేదు. వానలు పడుతుండగానే మూటలు తెచ్చి లోపల నింపాం. మధ్యలో మనిషి నడిచే దారి ఒక్కటి వదిలి, అడుగు నుంచి పైరేకు దాకా, గోడలకు ఆనించి, సందు లేకుండా పేర్చాం. బాపు నేసిన మూట ఆఖరున వచ్చింది. పన్నెండు జంపఖానాలు. మడత విప్పి చెంపకు పెట్టుకున్నాను. వెచ్చగా, పొడిగా ఉంది. బాపు నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు. "ఏమంటది చెంప?" అన్నాడు నవ్వుతూ. "పొడిగనే ఉన్నది బాపూ" అన్నాను. మంచి సరుకు, అడుగున పడి నలగకూడదని ఆ మూటను అన్నింటికన్నా పైన, వెనక గోడ దగ్గర పెట్టించాను.

దీపావళి అయ్యాక చలి మొదలైంది. పగలు ఎండ మామూలుగానే కాసేది, పొద్దున లేస్తే మాత్రం వేళ్లు కొంకర్లు పోయేవి. ఒకరోజు బేరానికి మనుషులొస్తున్నారని పొద్దున్నే డబ్బా తెరిచాను. తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన గుప్పున కొట్టింది. లోపలికి పోయి పై వరస చూస్తే బాపు మూట తడిసి ఉంది. విప్పితే ఎర్ర పట్టీల మీద నల్లని బూజు మచ్చలు. పన్నెండింటిలో ఏడు పనికిరాకుండా పోయాయి. దాని కింద ఉన్న మూటలు చూశాను. బాగానే ఉన్నాయి. పక్కవి కూడా కొంచెం చెమ్మ తప్ప బాగానే ఉన్నాయి. ఒక్క బాపు మూటే అలా అయింది.

అధ్యక్షుడు వచ్చాడు. పైన రేకుకు చిల్లి పడిందేమోనన్నాడు. ఇద్దరు మనుషులు నిచ్చెనేసి పైకెక్కి గంటసేపు పైపుతో నీళ్లు కొట్టారు. నేను లోపల తలుపులు మూసుకుని, చీకట్లో తల పైకెత్తి నిలబడ్డాను. మెడ పట్టేసింది గానీ ఒక్క చుక్క పడలేదు, ఒక్క వెలుతురు చుక్క కనిపించలేదు. పైన చిల్లి లేదు. వాన పడి నెల దాటింది. కింద దిమ్మెలున్నాయి. నీళ్లు లోపలికి వచ్చే దారే లేదు.

అలాంటప్పుడు మా వాడలో పుట్టిన ఎవరికైనా వచ్చే ఆలోచన ఒక్కటే. నీళ్లు బయటి నుంచి రాకపోతే మూటలోనే ఉండి వచ్చాయి. ఇంకో ఊళ్లో, ఇంకో పని చేసుకునేవాళ్లయితే వేరే ఏదైనా ఆలోచించేవాళ్లేమో. మేం తరతరాలుగా నీళ్ల తూకాన్ని చూసి చూసి భయపడినవాళ్లం. తడి జంపఖానా కనిపిస్తే మాకు దొంగ తప్ప ఇంకేం కనిపించదు.

ఆ సాయంత్రమే మీటింగు పెట్టారు. సంఘం వరండాలో పదిహేను మంది దాకా కూర్చున్నారు. బాపును పిలిపించారు. గోడకు ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన ముందు ఆ ఏడు జంపఖానాలు పరిచారు. తాను నేసినవాటి మీద అడుగు పడకుండా కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"పెద్దాయన మీద నాకేం అనుమానం లేదు" అన్నాడు అధ్యక్షుడు. అనుమానం ఉన్నవాళ్లు మాట మొదలుపెట్టేది ఇలాగే. "కని పైన చిల్లి లేకపాయె, కింద నీళ్లు లేకపాయె. మరి ఈ తడి ఏడికెళ్లి వచ్చింది?"

బాపు అన్నాడు, "నాకేం ఎరుక బిడ్డా. నేనైతే ఎండిందే తెచ్చిన. స్టోరమ్మను అడుగుండ్రి."

స్టోరమ్మ అన్నాడు. ఆ నలుగురి మధ్య నేను ఆయన కూతుర్ని కాదు, స్టోరు చూసేదాన్ని. మర్యాద తెలిసినవాడు.

అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వే చెప్పు. తీసుకున్ననాడు నువ్వే గదా సూసింది. తడి ఉండెనా, పొడి ఉండెనా?"

పొడిగా ఉంది. నా చెంపకు ఆ వెచ్చదనం ఇంకా గుర్తుంది. రెండు అక్షరాల మాట. అందరూ నా మొహం చూస్తున్నారు. పొడిగా ఉందంటే, తండ్రిని వెనకేసుకొస్తుందంటారు. ఇన్నేళ్లూ తూకం దగ్గర ఎవరినీ వదలనిది, సొంత బాపు వచ్చేసరికి కళ్లు మూసుకుందంటారు. ఉద్యోగం పోతుందని భయం. ఇవన్నీ నిజమే గానీ, అసలు నిజం ఇంకొకటి ఉంది. నాకే అనుమానం వచ్చింది. నీళ్లు ఎక్కడి నుంచి రాలేదని చీకట్లో నిలబడి నా కళ్లతో చూశాను కదా. మరి చెంప ఆ రోజు సరిగ్గా పెట్టానా, బాపు అని చెప్పి తొందరపడ్డానా అని ఒక్క క్షణం అనిపించింది.

"గుర్తు లేదు" అన్నాను.

బాపు నా వైపు ఒకసారి చూశాడు. కోపంగా కాదు. నేనేం అన్నానో సరిగ్గా వినబడనట్టు చూశాడు. తర్వాత లేచి, మెట్ల దగ్గర వంగి, చెప్పులు వెతుక్కుని వేసుకుని వెళ్లిపోయాడు. ఆయనకు నూలు ఇవ్వడం కొన్నాళ్లు ఆపుదామని వాళ్లు అనుకున్నారు. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

మరుసటి రోజు నేను స్టోరు తెరిచేసరికి బాపు వాకిట్లో ఉన్నాడు. చేతిలో పంజా ఉంది. జంపఖానా నేసేటప్పుడు పోగును కిందికి దువ్వి కొట్టే ఇనుప పనిముట్టు అది, దువ్వెనకు ఉన్నట్టు పళ్లుంటాయి. ఆయన పంజా పిడి నలభై ఏళ్ల పట్టుకు అరిగి, వేళ్లకు తగ్గట్టు గుంటలు పడింది. రోజూ పని అయ్యాక నూనె గుడ్డతో తుడిచేవాడు. దానికి తుప్పు పట్టగా నేను పుట్టి చూడలేదు.

"ఇది గూడ సంఘమిచ్చిందే. నీ స్టోర్ల వెట్టుకో" అన్నాడు.

"గట్లెందుకు బాపూ, నాల్గు రోజులైతే అంత సర్దుకుంటది."

"సర్దుకుంటే మంచిదే బిడ్డా" అని నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఏడవాలనిపించింది గానీ నూలు కోసం నేతగాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. పంజాను ఎక్కడ పెట్టాలో తోచక డబ్బాలోకి తీసుకెళ్లి, వెనక గోడ దగ్గర, పైమూలన ఉన్న ఇనుప కడియానికి వేలాడదీశాను. కళ్ల ముందు ఉండకుండా. రెండు రోజులు అటు పోలేదు. మా ఇల్లు బాపు ఇంటి వెనక గల్లీలోనే. మగ్గం చప్పుడు లేక ఆ రెండు రోజులూ గల్లీ నాకు వేరే ఎవరిదోలా అనిపించింది. అన్నం తీసుకెళ్తే బాపు తిన్నాడు. ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు చెంపదెబ్బలా ఉండేది.

మూడో రోజు పొద్దున ఏదో మూట కోసం డబ్బాలోకి వెళ్లాను. పంజా వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. దాని నిండా నీటి బొట్లు. పళ్ల చివర ఒక్కో బొట్టు వేలాడుతోంది. నేను చూస్తుండగానే ఒకటి రాలి, కింద మూట మీద పడింది. పళ్ల మొదట్లో ఇటుక రంగు తుప్పు మొదలైంది.

ఇనుముకు నీళ్లు చల్లి తూకం పెంచుకునేవాడు ఎవడు? ఆ పంజా బాపు చేతి నుంచి నా చేతికి వచ్చింది, నా చేతి నుంచి ఆ కడియానికి వెళ్లింది. పొడిగా, నూనె పూసి ఉంది. దాన్ని ఎవరూ తడపలేదు. స్టూలు ఎక్కి పైరేకు తడిమాను. అరచెయ్యి మొత్తం తడిసింది. రేకు పొడుగునా చెమట పట్టినట్టు నీళ్లు. అవి రేకు గాడి వెంట పాకి వెనక గోడ వైపు చేరుతున్నాయి. అక్కడి నుంచి రాలితే సరిగ్గా బాపు మూట ఉన్న చోటే పడతాయి. మిగతా మూటల్ని కాపాడిందే ఆయన మూట. పైన ఉండి అన్ని చుక్కలూ అదే తాగింది.

ఆ రోజు పైపు నీళ్లు కొట్టినప్పుడు కూడా ఇదే చీకట్లో, ఇదే రేకు కింద నిలబడ్డాను. కానీ అప్పటికి మిట్టమధ్యాహ్నం అయింది. ఎండకు రేకు వేడెక్కి చెమట ఆరిపోయి ఉంటుంది. పొద్దున తెరిచినప్పుడు చెయ్యెత్తి ఒక్కసారి పైన తడిమి ఉంటే ఆ మీటింగే ఉండేది కాదు.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీశాను. పొద్దున వేడన్నం పెట్టి మూసుకొచ్చాను. మూత లోపలి వైపు నీళ్లు బొట్లు బొట్లుగా నిలబడి ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా రోజూ చూస్తున్న బొట్లే. మూత దులిపి అన్నం తినడం తప్ప ఏ రోజూ వాటి గురించి ఆలోచించలేదు. ఆ రోజు మూత దులపకుండా, చేతిలో పట్టుకుని ఆ బొట్లనే చూశాను.

వర్ధన్నపేట రోడ్డు మీద ఒక వెల్డింగ్ మిస్త్రీ ఉన్నాడు. ఇలాంటి డబ్బాలనే కోసి టీ కొట్లు, ఆఫీసు గదులు చేసి అమ్ముతాడు. ఆటో ఎక్కి వెళ్లి, మరుసటి రోజు అతన్ని తీసుకొచ్చాను. అతను డబ్బా చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. ఒకచోట ఆగి, గోటితో నీలం రంగు గీకాడు. కింద లప్పం కనబడింది.

"ఇదెవలు మూసిన్రు?"

"నేనే."

అతను నా మొహం చూసి నవ్వు ఆపుకున్నాడు. "గవి గాలి కోసం వెట్టినయి అక్కా. డబ్బ సముద్రం మీద తిరిగినప్పుడు గూడ గవి తెరిసే ఉంటయి. వాన లోపటికి రాకుండనే అట్ల వంచి చేసిన్రు. నువ్వేమో ముక్కు మూసినవు."

"తడి ఏడికెళ్లి వచ్చిందన్నా? వాన పడక నెల దాటె."

"జంపఖానాలల్లనే ఉంటది. కింద చెక్కల ఉంటది. వానల దినాల నింపితిరి గదా, నూలు గాలిలున్న తేమ తాగుతది. చెంపకు దొరకనంత. పగలు ఎండకు డబ్బ ఉడికితే ఆ తేమ బయటికొచ్చి గాలిల కలుస్తది. తెల్లారగట్ల సలికి రేకు సల్లవడుతది. పోదామంటే దారి లేదు, గా రేకుకే నీళ్లయి పట్టుకుంటది. ఎవల్ది తప్పు లేదక్కా, పరేషాన్ గాకు."

ఎవరి తప్పూ లేదన్నాడు. అతనికి ఏం తెలుసు పాపం.

ఆ సాయంత్రం నేనే మీటింగు అడిగాను. తుప్పు పట్టిన పంజాను వాళ్ల ముందు పెట్టి, చూసినదంతా చెప్పాను. ఆ సందులు నేనే మూశానని చెప్పాను. చివరికి, "తీసుకున్ననాడు మూట పొడిగా ఉండె. నేను చెంప వెట్టి సూసిన. నాకు మంచిగ గుర్తున్నది. ఆ రోజు గుర్తు లేదని అబద్ధం చెప్పిన" అన్నాను. ఎవరైనా నన్ను తిడతారేమో, తిడితే బాగుండుననుకున్నాను.

ఒకరిద్దరు ఫోన్లు చూసుకున్నారు. అధ్యక్షుడు, "సరే అక్కా, అయిందేదో అయింది. పెద్దాయనతోని నేను మాట్లాడుతలే" అని, మిస్త్రీకి పని ఎన్ని రోజులు పడుతుందో అడిగాడు. మాట్లాడతానన్నవాడు తర్వాత ఎప్పుడో టీ కొట్టు దగ్గర బాపు కనబడితే, అడక్కుండానే ఒక టీ ఇప్పించాడట. అతని దృష్టిలో అది క్షమాపణ. బాపు తాగాడు కూడా.

పంజాను కిరసనాయిలులో నానబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, నూనె పట్టించి బాపు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మగ్గం గుంట అంచున కాళ్లు వేలాడేసి కూర్చుని ఉన్నాడు. పంజా తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. పళ్ల మొదట్లో తుప్పు తిన్న చోట గోటితో గీరాడు.

డబ్బా సంగతి అంతా చెప్పాను. తలూపుతూ విన్నాడు. తర్వాత, "బాపూ, ఆ రోజు నేను గుర్తు లేదన్న గదా. అది అబద్ధం" అన్నాను.

"ఎరుకనే బిడ్డా. నువ్వు చెంప వెట్టినప్పుడు నీ ముంగటనే ఉంటి గదా."

నేను నేల చూశాను. ఆయన పంజా పిడిని బొటనవేలితో రాస్తూ అన్నాడు, "నువ్వు గుర్తు లేదనంగనే నాకే అనుమానమొచ్చింది. ముసలోణ్ణయితి, యాద్మరిసి నేనే ఏమన్న తడి చేసిన్నా, తడి చేతులతోని మడత వెట్టిన్నా అని. రోజు అదే ఆలోచన. నిద్ర వట్టకపోయేది."

దొంగ అన్నందుకు కాదు. తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. ఆయనకు నేను చేసింది అదీ.

"మళ్లీ నెయ్యి బాపూ. నూలు రేపే తెస్త."

"వద్దు బిడ్డా. ఇంక సేతులు రావు" అన్నాడు. పంజా నా ఒళ్లో పెట్టాడు. "ఇది ఆడనే ఉండనీ. అది జెప్పినట్టు నువ్వు గూడ జెప్పలేదు."

ఆ చివరి మాట నవ్వుతూనే అన్నాడు. బతిమాలాను, కోప్పడ్డాను, రెండు రోజులు అన్నం తినకుండా అలిగాను. నూలు ఉండలు తెచ్చి మగ్గం పక్కన పెట్టాను. పదిహేను రోజులు అవి అక్కడే ఉండి దుమ్ము పడితే మళ్లీ నేనే దులిపి తీసుకెళ్లాను.

మిస్త్రీ వచ్చి పని చేశాడు. నేను పెట్టిన లప్పం మొత్తం గీకి తీసేశాడు. ఆ చిన్న సందులు చాలవని, ఒక గోడకు కింద, ఎదుటి గోడకు పైన రేకు కోసి జాలీలు బిగించాడు. కింద నుంచి చల్లగాలి వచ్చి, పై నుంచి వేడిగాలి పోవాలట. ఎలకలు దూరకుండా సన్నని వల, వాన కొట్టకుండా పైన రేకు చూరు. పైకప్పు మీద, గాలికి దానంతటదే తిరుగుతూ లోపలి వేడిని బయటికి లాగే ఉండలాంటి ఫ్యాను ఒకటి పెట్టాడు. మూటల కింద చెక్క బల్లలు వేయించాం. గోడలకు జానెడు, పైరేకుకు మూరెడు ఎడం ఉంచాం. అంటే పట్టే మూటలు తగ్గాయి. అధ్యక్షుడు మొహం చిట్లించాడు. నేను పట్టించుకోలేదు. ఇప్పుడు ఏ మూటనూ ఒక రోజంతా ఎండలో ఆరబెట్టకుండా లోపలికి రానివ్వను.

డబ్బా తలుపులు బరువు. ఇనుప కడ్డీ ఎత్తి లాగాలంటే నా మోకాళ్లు కలుక్కుమంటాయి. పని అయిన వారం రోజులకు, ఒక పొద్దున నేను ఆ కడ్డీతో కుస్తీ పడుతుంటే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని పట్టుకుంది. బాపు. లాగి తెరిచాడు. మరుసటి రోజూ వచ్చాడు. రమ్మని నేను అడగలేదు, ఎందుకొచ్చావనీ అడగలేదు.

ఇప్పుడది ఆయన పని. పొద్దున నా కోసం ఒక్క రెక్క తెరుస్తాడు, నేను చూసి రాగానే మూసేస్తాడు. మంచు విడిచి ఎండ ముదిరాక, పదింటికి రెండు రెక్కలూ బార్లా తెరుస్తాడు. నాలుగు కాగానే, చల్లగాలి దిగకముందే మూసేస్తాడు. మబ్బు పట్టినా, ముసురు పడుతున్నా తెరవనివ్వడు. బయటి తేమ లోపలికి వస్తుందని నాకే పాఠం చెబుతాడు. జాలీలకు దుమ్ము పడితే పాత పళ్ల బ్రష్షుతో తోముతాడు. నీళ్లు చల్లాడని పేరు పడిన మనిషి, రోజంతా ఆ డబ్బాలోకి తడి రాకుండా కాపలా కాస్తున్నాడు. ఈ మధ్య ఎవరో కొత్త నేతగాడు, "తాతా, మీరు వాచ్‌మనా?" అని అడిగితే అవునన్నాడు. నాకు ప్రాణం చచ్చినంత పనైంది.

పంజా అదే కడియానికి వేలాడుతోంది. పొద్దున ఆ ఒక్క రెక్క తెరవగానే నేను లోపలికి వెళ్లి, స్టూలు ఎక్కి, ముందు పైరేకు తడుముతాను, తర్వాత పంజా పళ్లు తడుముతాను. బాపు లోపలికి రాడు. తలుపు దగ్గరే నిలబడి అడుగుతాడు.

"ఎట్లున్నది బిడ్డా?"

"పొడిగనే ఉన్నది బాపూ."

మూడు మాటలు. ఆ సాయంత్రం సంఘం వరండాలో, పదిహేను మంది ముందు చెప్పాల్సింది ఈ మూడు మాటలే. అప్పుడు చెప్పలేక, ఇప్పుడు రోజూ చెబుతున్నాను. బాపుకు ఈ మధ్య చెవి మందగించింది. కొన్ని రోజులు నిజంగానే వినబడదు, కొన్ని రోజులు కావాలనే అడుగుతాడేమో నాకు తెలియదు. చెయ్యి చెవికి ఆనించి, "ఏమంటివి?" అంటాడు. నూలు కోసం వచ్చినవాళ్లంతా అప్పటికి వాకిట్లో నిలబడి ఉంటారు. నేను స్టూలు మీద నుంచే, వాడంతా వినబడేలా గొంతెత్తి మళ్లీ చెబుతాను.

"పొడిగనే ఉన్నది బాపూ."